కొండెక్కితే కడుపులో ఏం మారుతుంది? అన్నీ పలచని గాలి మీదికే నెట్టేయకండి

ట్రెక్కింగ్‌కి వెళ్లొచ్చినవాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే మాట ముందు తలనొప్పి మీదికి, ఆ వెంటనే కడుపు మీదికి పోతుంది. ఆకలి చచ్చిపోయిందని ఒకరు, పొట్ట ఉబ్బిపోయి రాత్రంతా నిద్ర లేదని ఇంకొకరు, విరేచనాలతో దారి మధ్యలోనే వెనక్కి తిరిగామని మరొకరు. ఈమధ్య ఈ కబుర్లలోకి కొత్తగా ఒక వివరణ వచ్చి చేరింది. పైన ఆక్సిజన్ తక్కువ కాబట్టి పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుందట, ఈ తిప్పలన్నీ అందుకేనట. దాని వెనకాలే సలహా కూడా వస్తుంది: వెళ్లే ముందు మంచి బ్యాక్టీరియా ఉండే ఓ ప్రోబయాటిక్ సీసా కొనుక్కో, అంతా సర్దుకుంటుంది అని.

ఈ వివరణ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఎత్తుకి వెళ్తే పేగుల్లో బ్యాక్టీరియా మారదని నేను అనడం లేదు, మారుతుంది, అది కొలిచి చూసినవాళ్లున్నారు. కానీ ఎత్తు ముందుగా మార్చేది మన ఆకలిని, తినే తిండిని, పేగు గోడని, వంటని, తాగే నీటిని. బ్యాక్టీరియా చాలావరకు వీటి వెనకాల నడుస్తుంది. ఏది ముందో ఏది వెనకో తారుమారు చేసుకుంటే మనం తీసుకునే జాగ్రత్తలు కూడా తారుమారవుతాయి, అసలు చూసుకోవాల్సినవి వదిలేసి సీసాల మీద నమ్మకం పెట్టుకుంటాం.

ముందు గాలి సంగతి. సముద్రమట్టంలో ఉన్నా ఎవరెస్ట్ మీద ఉన్నా గాలిలో ఆక్సిజన్ వాటా ఒకటే, సుమారు 21 శాతం. తగ్గేది వాయుపీడనం. పీడనం తగ్గడంతో ప్రతి శ్వాసలో మనకి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. 3,500 మీటర్ల దగ్గర అది కింద దొరికేదానిలో మూడింట రెండొంతులు, 5,500 మీటర్ల దగ్గర సగం, ఎవరెస్ట్ శిఖరం మీద మూడో వంతు మాత్రమే. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, పెద్దపేగు లోపల మామూలు రోజుల్లో కూడా ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడ బతికే బ్యాక్టీరియాలో అత్యధిక భాగం ఆక్సిజన్ అక్కర్లేనిదే, చాలా రకాలకి అది తగిలితే ప్రమాదం కూడా. మనం సముద్రం ఒడ్డున కూర్చుని హాయిగా ఊపిరి పీలుస్తున్నప్పుడు కూడా అవి చీకట్లో, ఆక్సిజన్ లేని చోట, మనం అరిగించుకోలేని పీచుపదార్థాన్ని పులియబెట్టుకుంటూ బతుకుతుంటాయి. మరి బయట గాలి పలచబడితే "ఆక్సిజన్ లేక చచ్చిపోవడం" అనే మాటకి అర్థమేముంది? వాటికి అసలు లేనిదాన్ని ఎవరు తీసుకుపోయినట్టు?

కొద్దిపాటి ఆక్సిజన్ ఉండేది పేగు గోడని ఆనుకుని. గోడలోని రక్తనాళాల నుంచి అది లోపలికి ఊరుతుంది, గోడ దగ్గర కాస్త ఎక్కువగా, మధ్యలోకి పోయేకొద్దీ సున్నాకి దగ్గరగా. ఇక్కడ ఒక చక్కటి ఇచ్చిపుచ్చుకోవడం నడుస్తుంటుంది. బ్యాక్టీరియా పీచుని పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పెద్దపేగు గోడ కణాలకి అదే ప్రధాన ఇంధనం, వాటి శక్తిలో దాదాపు 70 శాతం దాన్నుంచే వస్తుంది. ఆ ఇంధనాన్ని మండించడానికి గోడ కణాలు తమ దగ్గరికొచ్చిన ఆక్సిజన్‌ని ఖర్చుపెట్టేస్తాయి, అందువల్లే అది లోపలికి ఎక్కువగా చేరదు, లోపలి బ్యాక్టీరియా క్షేమంగా ఉంటుంది. అంటే పేగు లోపలి ఆక్సిజన్ లేమిని కాపలా కాసేది మన కణాలే, ఆ కాపలాకి జీతం ఇచ్చేది బ్యాక్టీరియా. పీచు తినడం మానేస్తే బ్యూటిరేట్ తగ్గుతుంది, గోడ ఆక్సిజన్‌ని తక్కువ వాడుకుంటుంది, అది లోపలికి చేరుతుంది, అప్పుడు ఆక్సిజన్ ఉన్నా లేకున్నా బతకగలిగే ఈ.కోలై లాంటివి తలెత్తుతాయి.

ఈ సంగతి మనసులో పెట్టుకుని అధ్యయనాలు చూడండి. 2005లో బయటికొచ్చిన ఒక అధ్యయనంలో నేపాల్ హిమాలయాలకి వెళ్లిన ఏడుగురు పర్వతారోహకుల మలం శాంపిల్స్ పరీక్షించారు. 5,000 మీటర్లు దాటాక వాళ్లలో బైఫిడోబ్యాక్టీరియా తగ్గింది, ఈ.కోలై ఉండే వర్గం పెరిగింది. రక్తంలో వాపుని సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్ కూడా పెరిగింది. బైఫిడోబ్యాక్టీరియా ఆక్సిజన్ పడనిది. ఈ.కోలై ఆక్సిజన్ ఉంటే వాడుకునేది. ఆక్సిజన్ తగ్గిన చోట ఆక్సిజన్ పడనిది తగ్గడం, వాడుకోగలిగేది పెరగడం ఏమిటి? గాలి ఒక్కటే కారణమైతే లెక్క దీనికి తిరగబడి ఉండాలి.

తర్వాత, 2013లో, మన దేశ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. లడఖ్‌లోని లేహ్‌లో, అంటే 3,500 మీటర్ల దగ్గర, 15 రోజులు ఉన్నవాళ్లలో ఆక్సిజన్ కావలసిన రకాలు తగ్గాయి, అక్కర్లేని రకాలు పెరిగాయి, బైఫిడోబ్యాక్టీరియా కూడా ఆ పెరిగిన జాబితాలోనే ఉంది. ఇది గాలి కథకి చక్కగా సరిపోతుంది. నేపాల్ ఫలితానికి సరిగ్గా ఎదురు.

ఈ రెంటిలో ఒకటి తప్పని నేను అనుకోను. ఒకరు ఒకచోట పదిహేను రోజులు స్థిరంగా ఉన్నారు. ఇంకొకరు అయిదు వేల మీటర్ల పైన బరువులు మోస్తూ, చలిలో, ప్యాకెట్ తిండి మీద, కడుపు నిండా తినకుండా రోజులు గడిపారు. ఎత్తు అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు బతుకుల్ని కలిపేసి "ఎత్తు బ్యాక్టీరియాని ఇలా మారుస్తుంది" అని ఒక వాక్యం రాసేయడం దగ్గరే మన పొరపాటు మొదలవుతోంది.

తరతరాలుగా పైనే ఉన్నవాళ్ల మీద జరిగిన పని కూడా ఇలాగే ఉంది. 2015లో టిబెటన్లని, టిబెట్‌లో ఉంటున్న హాన్ చైనీయుల్ని, కింద షాన్‌షీ రాష్ట్రంలో ఉండే హాన్ చైనీయుల్ని పోల్చారు. ఒక్కో గుంపులో పన్నెండు మంది, మధ్య గుంపులో పదకొండు. పైన ఉన్న రెండు గుంపుల్లోనూ ప్రివోటెల్లా అనే రకం కిందివాళ్లకన్నా తక్కువగా కనిపించింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో టిబెటన్లలో ప్రివోటెల్లానే ఎక్కువ, హాన్ ప్రజల్లో బ్యాక్టీరాయిడ్స్ అనే ఇంకో రకం ఎక్కువ. ప్రివోటెల్లా ధాన్యం, పీచు ఎక్కువ తినేవాళ్లలో బాగా పెరిగే రకమని ఎత్తుతో సంబంధం లేని పరిశోధనల్లోనే చాలాసార్లు తేలింది. అలాంటప్పుడు మనం కొలుస్తున్నది కొండనా, కంచాన్నా?

ఇంకో ఇబ్బంది కూడా చెప్పాలి, దీన్ని చాలామంది దాటేస్తారు. బ్యాక్టీరియా రకాల్ని వాటి జన్యువుల్ని బట్టి గుర్తించే ఈ పరీక్షలు ఎక్కువగా శాతాలు చెప్తాయి, సంఖ్యలు చెప్పవు. నూటికి ముప్పై ఉన్న ఒక రకం సగానికి పడిపోతే, మిగతావేవీ ఒక్కటి కూడా పెరగకపోయినా కాగితం మీద వాటి శాతాలు పెరిగినట్టు కనిపిస్తాయి. పైగా పరీక్షించేది మలాన్ని. పేగు గోడని అంటిపెట్టుకుని, ఆ కొద్ది ఆక్సిజన్ ఊరే చోట ఉండే బ్యాక్టీరియా మలంలో పూర్తిగా కనిపించదు. ఎత్తు ప్రభావం ముందుగా పడాల్సిన చోటే మన చూపు సరిగ్గా ఆనని చోటు.

జడల బర్రెల ఉదాహరణ నాకు ఇష్టం, అందులో స్పష్టత ఉంది కాబట్టి. 2016లో టిబెట్ పీఠభూమిలోని జడల బర్రెల, టిబెటన్ గొర్రెల కడుపుల్లోని సూక్ష్మజీవుల్ని కింది ప్రాంతాల పశువులతో, గొర్రెలతో పోల్చి చూశారు. పైన ఉన్నవాటిలో మీథేన్ తక్కువ తయారవుతోంది, శరీరానికి పనికొచ్చే కొవ్వు ఆమ్లాలు ఎక్కువ తయారవుతున్నాయి. మేత కరువైన చలి ప్రదేశంలో తిన్న గడ్డిలోంచి ఎక్కువ శక్తి పిండుకోవడమన్నమాట, అదీ రెండు వేర్వేరు జంతువుల్లో ఒకే దిశలో. కానీ దీన్ని చూపించి మనిషి రెండు వారాల ప్రయాణం గురించి తీర్మానాలు చేయకూడదు. అక్కడ వేల తరాలు గడిచాయి, మనం విమానం దిగి నేరుగా నడుస్తున్నాం.

ఇక ఆకలి. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది.

ఎత్తైన క్యాంపుల్లో రాత్రి భోజనం వేళ నేను చూసిన దృశ్యం ఎప్పుడూ ఒకటే. పొద్దున్నించి నడిచి ఒళ్లు హూనమైనవాళ్లు కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని పక్కకి నెట్టేస్తారు. "తినరా, రేపు ఇంకా ఎక్కాలి" అంటే, "వద్దన్నా, చూస్తేనే వికారంగా ఉంది" అంటారు. తర్వాత ఎప్పుడో బిస్కెట్టో చాక్లెట్టో కొరుకుతారు. పీచు ఉన్న తిండి, కూరలు, పళ్లు ముందు పోతాయి. తీపి, మైదా మిగులుతాయి. పేగుల్లోని బ్యాక్టీరియా వైపు నుంచి చూస్తే కొండ సంగతి తర్వాత, వాటికి ఆ రోజు తిండి రాలేదు.

ఇది చలివల్లో, వంట బాగోలేకో, అలసటవల్లో అని చాలామంది అనుకుంటారు. కాదని తేల్చిన ప్రయోగం ఒకటుంది. 1985లో అమెరికా సైన్యం నాటిక్‌లోని తమ పరిశోధనా కేంద్రంలో "ఆపరేషన్ ఎవరెస్ట్ 2" పేరుతో మనుషుల్ని పీడనం తగ్గించే గదిలో 40 రోజులు ఉంచి, నెమ్మదిగా ఎవరెస్ట్ శిఖరం మీద ఉండేంత పలచని గాలి దాకా తీసుకెళ్లింది. గది వెచ్చగా ఉంది, నచ్చిన తిండి అందుబాటులో ఉంది, మంచు లేదు, బరువులు మోయడం లేదు. అయినా వాళ్లు తినే తిండి రోజుకి సుమారు 3,100 కేలరీల నుంచి 1,800 కేలరీలకి పడిపోయింది, సగటున ఏడు కిలోలకి పైగా బరువు తగ్గారు. ఆకలిని చంపేది ఆక్సిజన్ లేమే. ఆ మాటకొస్తే గాలి కథ వినిపించేవాళ్లది పూర్తిగా తప్పు కాదు. గాలి కారణమే, కాకపోతే అది బ్యాక్టీరియా దాకా చేరే దారిలో పెద్ద భాగం మన నోటి గుండా వెళ్తుంది.

తిండి మారితే పేగుల్లో బ్యాక్టీరియా ఎంత త్వరగా మారుతుందో 2014లో మరో ప్రయోగం చూపించింది. పూర్తిగా జంతు సంబంధమైన తిండికి మారినవాళ్లలో ఒకటి రెండు రోజుల్లోనే మార్పు కనిపించింది, కొండ ఎక్కాల్సిన పని లేకుండానే.

కడుపుబ్బరం గురించి కూడా ఇలాంటి గందరగోళమే. మూసి ఉన్న ప్యాకెట్ ఒకటి కొండ మీద బ్యాగులోంచి తీస్తే బుంగలా ఉబ్బి కనిపిస్తుంది కదా, పేగుల్లోని గ్యాస్‌కి జరిగేదీ అచ్చంగా అదే. బయటి పీడనం తగ్గితే లోపలి వాయువు వ్యాకోచిస్తుంది. 3,500 మీటర్లకి చేరేసరికి అదే గ్యాస్ ఒకటిన్నర రెట్ల చోటు ఆక్రమిస్తుంది, 5,500 దగ్గర రెండు రెట్లు. 1981లో ఇద్దరు అమెరికన్ వైద్యులు కొలరాడోలో 11,000 అడుగుల పైన నడిచేటప్పుడు గ్యాస్ విపరీతంగా పోవడాన్ని గమనించి ఒక వైద్య పత్రికకి లేఖ రాశారు, దానికో పేరు కూడా పెట్టారు. బ్యాక్టీరియా ఒక్కటి కూడా మారకుండానే పొట్ట ఉబ్బుతుంది.

దీనికి వంట తోడవుతుంది. 3,500 మీటర్ల దగ్గర నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి, 5,000 దగ్గర 83కే. మూత లేని గిన్నెలో పప్పుధాన్యాలు ఎంతసేపు పెట్టినా లోపల బిరుసు పోదు. అలా సగం ఉడికినవి చిన్నపేగులో పూర్తిగా అరగకుండా పెద్దపేగుకి చేరితే అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది, గ్యాస్ ఎక్కువవుతుంది, ఆ గ్యాస్ మళ్లీ పలచని పీడనంలో వ్యాకోచిస్తుంది. కుక్కర్ మోసుకెళ్లే బృందాల్లో కడుపు గోల తక్కువగా ఉండటం నేను చాలాసార్లు గమనించాను. ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు.

తక్కువ వేడికే మరిగే నీళ్లు తాగడానికి పనికిరావేమో అనే భయం మాత్రం అక్కర్లేదు. ఆ వేడికి కూడా రోగాలు కలిగించే సూక్ష్మజీవులు చస్తాయి, కాకపోతే కాస్త ఎక్కువసేపు మరగనివ్వాలి. 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు అని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. ట్రెక్కింగ్ దారుల్లో వచ్చే విరేచనాల్లో ఎక్కువ భాగం మురికి నీళ్ల వల్ల, కడుక్కోని చేతుల వల్ల వచ్చే మామూలు ఇన్‌ఫెక్షన్లే. దాన్ని "ఎత్తుకి నా గట్ బ్యాక్టీరియా దెబ్బతింది" అని పిలవడం వల్ల వంటవాడి చేతుల దగ్గర సబ్బు ఉందా లేదా అని ఎవరూ చూడరు.

ఇంత చెప్పాక కూడా పేగుకి ఎత్తు నేరుగా చేసే హాని ఒకటుందని ఒప్పుకోవాలి, దాన్ని నేను చాలా సీరియస్‌గా తీసుకుంటాను. అది గోడకి జరిగేది. రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు, అందులోనూ శ్రమ చేస్తున్నప్పుడు, శరీరం రక్తాన్ని కండరాలకి మళ్లిస్తుంది, పేగులకి అందే రక్తంలో కోత పడుతుంది. పేగు గోడ కణాలకి మామూలుగానే తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకొచ్చే నేర్పు ఉంది. కణాలు ఆక్సిజన్ తగ్గుదలని పసిగట్టే విధానాన్ని బయటపెట్టినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకి 2019 నోబెల్ వచ్చింది, ఆ విధానం పేగు గోడని గట్టిగా ఉంచడంలో కూడా పనిచేస్తుంది. కానీ దానికీ ఒక హద్దుంది. హద్దు దాటితే కణాల మధ్య అతుకులు వదులవుతాయి, లోపలి బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి జారతాయి, శరీరం వాపుతో జవాబిస్తుంది. క్వింఘై-టిబెట్ రైలుమార్గం వేసేటప్పుడు, 2001 నుంచి 2003 మధ్య, తంగ్‌గులా పర్వతాల దగ్గర పనిచేసిన 13 వేల మందికి పైగా కార్మికుల్ని గమనిస్తే దాదాపు రెండు వందల్లో ఒకరికి జీర్ణనాళంలో రక్తస్రావం అయింది. అది పొట్ట ఉబ్బరం లాంటి చిన్న విషయం కాదు.

ఆ గోడ మీద మనం మన చేత్తోనే ఇంకో రెండు దెబ్బలు వేస్తాం. తలనొప్పి తగ్గడానికి పరగడుపున మింగే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి పేగు లోపలి పొరని నేరుగా గాయపరుస్తాయి. రెండోది, "ఎందుకైనా మంచిది" అని రోగం రాకముందే వేసుకునే యాంటీబయాటిక్. సిప్రోఫ్లాక్సాసిన్ మొదలుపెట్టిన మూడు నాలుగు రోజుల్లోనే పేగుల్లో బ్యాక్టీరియా రకాలు బాగా తగ్గిపోతాయని కింద, మైదానంలో, ఆరోగ్యవంతుల మీద చూశారు. ఒక చేత్తో యాంటీబయాటిక్, ఇంకో చేత్తో ప్రోబయాటిక్ పట్టుకుని కొండెక్కేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, వాళ్లకి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కదా అని.

ప్రోబయాటిక్ మీద ఇంత ఆశ ఎందుకో నాకు అర్థమవుతుంది. టిబెటన్లకి ఈపాస్1 అనే జన్యువులో ప్రత్యేక రూపం ఉంది, తక్కువ ఆక్సిజన్‌లో రక్తం అతిగా చిక్కబడకుండా అది కాపాడుతుంది. మనకి అది లేదు, రెండు వారాల్లో రాదు. బ్యాక్టీరియా అయితే గంటల్లో రెట్టింపవుతుంది, దాన్ని మింగొచ్చు, కొనొచ్చు. జన్యువుల్ని మార్చలేనివాళ్లకి అదొక దగ్గరి దారిలా కనిపిస్తుంది. కానీ ఎత్తు జబ్బుని ఆపుతాయని పర్వత వైద్యులు భరోసాగా చెప్పేవి ఇప్పటికీ పాతవే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకపోవడం, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగడం, అవసరమైనవాళ్లకి డాక్టర్ సలహాతో అసిటజోలమైడ్ అనే మందు. ఎత్తు జబ్బుని కొలిచే లేక్ లూయిస్ స్కోరులో తలనొప్పి పక్కనే ఆకలి లేకపోవడం, వికారం, వాంతులు ఉన్నాయి. అంటే కడుపులో తేడా వచ్చిందని అనిపించినప్పుడు ముందు అడగాల్సింది నేను మరీ త్వరగా ఎక్కేశానా అని. వాంతి చేసుకుంటున్న మనిషికి క్యాప్సూల్ ఇచ్చి ఇంకో క్యాంపుకి నడిపించడం ప్రాణాల మీదికి తెచ్చే పని.

నేనైతే ఇలా చేస్తాను, నాతో వచ్చేవాళ్లకీ ఇదే చెప్తాను. ఆకలి లేకపోయినా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినాలి. పిండిపదార్థాలు మంచివి, అవే ఆక్సిజన్‌ని కాస్త పొదుపుగా వాడుకుని శక్తినిస్తాయి. బాగా ఉడికిన పీచు ఉన్న తిండి రోజూ కొంతైనా కడుపులో పడాలి, ఎండు పళ్లయినా సరే. నీళ్లు మరిగించాలి. నొప్పి మాత్ర వేసుకోక తప్పకపోతే ఏదైనా తిన్నాకే. ఇవన్నీ చేసి, పైన ఇంకో ప్రోబయాటిక్ కూడా వేసుకుంటానంటే, వేసుకోండి, మామూలు ఆరోగ్యవంతులకి దానితో సాధారణంగా పెద్ద ప్రమాదమేమీ ఉండదు. దాన్ని చూసుకుని ఒక విశ్రాంతి రోజు మానేయకండి, అంతే.

ప్రపంచంలో 2,500 మీటర్ల పైన ఎనిమిది కోట్లకి పైగా మనుషులు బతుకుతున్నారు, ఉద్యోగాలకీ సైన్యానికీ గనులకీ కొత్తగా వెళ్లేవాళ్లు వీళ్ల మీద అదనం. వాళ్ల కోసం జరగాల్సిన అధ్యయనం పన్నెండేసి మందితో సరిపోదు. ఒకే మనుషుల్ని కింద ఉన్నప్పుడు, పైకి వెళ్లిన మొదటి వారంలో, ఆరు నెలల తర్వాత, తిరిగి దిగాక చూడాలి. తిండిని తూచి ఇవ్వాలి, కనీసం రాసుకోవాలి. మందులు రాసుకోవాలి. శాతాలతో పాటు అసలు సంఖ్యలు లెక్కపెట్టాలి, మలంతో పాటు పేగు గోడ ఎంత వదులైందో రక్తంలో, మూత్రంలో కొలవాలి. అన్నిటికన్నా ముందు ఒక గుంపుని కిందనే ఉంచి, పైవాళ్లు తిన్నంతే, అదే తిండి, అంతే తక్కువగా పెట్టాలి. ఆ రెండు గుంపుల మధ్య మిగిలిన తేడా ఎంతో, గాలి వాటా అంత.